చలికాలపు పొగకు మాస్కా, ప్యూరిఫయరా?

డిసెంబరు, జనవరి నెలల్లో కూకట్‌పల్లి లాంటి ఇరుకు కాలనీల్లో తెల్లారేసరికి నేలను అంటిన గాలి చల్లబడుతుంది. పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ కిందే నిలిచిపోతాయి.

ఖర్చు: ఎన్95 మాస్కు పదుల రూపాయల్లో. ప్యూరిఫయరు వేలల్లో, పైగా ఫిల్టర్లు మార్చాలి.

ఎక్కడ చెడుతుంది: మాస్కు ముక్కు పట్టీ నొక్కకపోయినా, గడ్డం ఉన్నా పక్కల నుంచి గాలి దూరుతుంది. ఉతికితే ధూళిని పట్టే విద్యుదావేశం పోతుంది, ఉతకొద్దు. ప్యూరిఫయరుకు గది కొలత ముఖ్యం: 12×10 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు, గంటకు ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే సీఏడీఆర్ (అంటే ప్యూరిఫయరు గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి) 170 ఘనపు మీటర్లు కావాలి. కిటికీ తెరిచి నడిపితే కరెంటు దండగే.

పొద్దున్నే బైకు మీద వెళ్లేవారికి మాస్కే. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్ల పడకగదికి ముందు ప్యూరిఫయరు కొనండి. పసిపిల్లలకు మాస్కు పెట్టలేం కాబట్టి వాళ్లకూ అదే.