బొమ్మ బ్లాస్టర్‌కు మెటల్ కిట్ కొంటున్నారా? "సీఎన్‌సీ అల్యూమినియం" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

సైన్స్ ఫిక్షన్ బ్లాస్టర్ (తుపాకీ) బొమ్మకు ప్లాస్టిక్ భాగాలు తీసేసి మెటల్ భాగాలు బిగించుకోవాలనుకునేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఇది చదవండి. లైటు, సౌండు వచ్చే మామూలు బొమ్మ బ్లాస్టర్ కోసం నేనొక కిట్ తెప్పించాను. చెప్పిందొకటి, పంపిందొకటి. డబ్బు పోయింది సరే, బాగున్న బొమ్మ కూడా పాడైంది.

బ్యారెల్ మూతి, స్కోప్ రింగులు, పక్కన తిప్పే నాబ్, ట్రిగ్గర్ గార్డ్ అన్నీ సీఎన్‌సీ అల్యూమినియం అని ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే అల్యూమినియం దిమ్మను మిషన్ మీద చెక్కి తీసినవని అర్థం. వచ్చినవి మాత్రం జింకు మిశ్రమంతో పోత పోసి, పైన నల్ల పూత వేసినవి. బ్యారెల్ మూతి పొడవునా వెంట్రుకంత సన్నటి గీత ఉంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడే గీత అది. లోపలివైపు చిన్న చిన్న గుండ్రటి గుర్తులున్నాయి. పోసిన ముక్కను అచ్చులోంచి పిన్నులతో బయటికి నెట్టినప్పుడు పడతాయవి. మిషన్ మీద చెక్కిన భాగానికి ఈ రెండూ ఉండవు.

సెల్లర్‌ను అడిగితే, "అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోదు, అల్యూమినియమే" అన్నాడు. అయస్కాంతం జింకుకూ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు. ఆ పరీక్షతో ఇనుమా కాదా అన్నది మాత్రమే తేలుతుంది. అసలు సంగతి తేలాలంటే తూకం వేయాలి. చిన్న డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, కాటాను సున్నా చేయండి. భాగాన్ని దారానికి కట్టి, అడుగుకు, అంచులకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. లోపల గాలి బుడగలు ఉండకూడదు. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ భాగం అన్ని మిల్లీలీటర్లు. విడిగా తూచిన బరువును దానితో భాగించండి. అల్యూమినియం అయితే 2.7 దగ్గర వస్తుంది, జింకు మిశ్రమమైతే 6.6 అటూ ఇటూగా వస్తుంది. నాకు వచ్చిన మూతి 94 గ్రాములు, నీళ్లలో 14 చూపించింది. నిజంగా అల్యూమినియమే అయితే అది 38 గ్రాములే తూగాలి.

"బరువుంటే మంచిదేగా, చేతికి నిజమైన వస్తువులా ఉంటుంది" అని కొందరు అంటారు. ఆ బరువు మోసేది ఏబీఎస్ ప్లాస్టిక్ బాడీ అన్నది మర్చిపోకూడదు. ఈ బొమ్మలు రెండు సగాలుగా పోసి, లోపలి ప్లాస్టిక్ గొట్టాల్లోకి చిన్న స్క్రూలు దింపి బిగించినవి. తేలికపాటి ప్లాస్టిక్ మూతికి సరిపోయిన ఆ గొట్టాలు ఎన్నో రెట్లు పెరిగిన బరువుకు ఆగవు. నా బొమ్మలో ముందు స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ మొదట తెల్లగా పాలిపోయింది, ఆ తర్వాత అక్కడి నుంచే పగులు మొదలైంది. మీ బొమ్మలో ఆ తెలుపు కనిపిస్తే వెంటనే మెటల్ భాగం తీసేయండి.

ఇంతకంటే భయపెట్టిన విషయం ఇంకోటి. మూతి లోపలి అంచును నునుపు చేయకుండానే పంపారు. కత్తిలా ఉన్న ఆ అంచు లైటుకు వెళ్లే వైర్ల తొడుగును కోసేసింది. రెండు వైర్లూ మెటల్‌కు తగిలి షార్ట్ అయ్యాయి. సౌండు ఆగిపోయి, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వెంటనే మూత తెరిచి బ్యాటరీలు లాగేశాను, అవి చేతికి చురుక్కుమన్నాయి. ఇవి మామూలు పెన్సిల్ సెల్స్. లిథియం సెల్స్ ఉన్న బొమ్మలో ఇదే జరిగితే మంటలే రావచ్చు. ఏ కంపెనీ కిట్ అయినా సరే, బిగించే ముందు లోపలి అంచులన్నీ శాండ్ పేపర్‌తో నునుపు చేసి, వైర్లకు హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని వైరును గట్టిగా పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగండి. నల్ల పూత అడ్డు ఉంటుందని ధీమా వద్దు, ఒక్క గీత పడితే కింద మెటలే.

కిట్‌తో పాటు ఒక చిన్న సీసా కూడా వచ్చింది. మరలు వదులవకుండా వేసే థ్రెడ్ లాకర్ అది. మెటల్‌లోకి మెటల్ బిగించేటప్పుడు మంచిదే. ఏబీఎస్, పాలికార్బొనేట్ మీద పడితే మాత్రం ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది. ఆ ముక్క సూచనల కాగితంలో ఎక్కడా రాయలేదు. కొనేవాళ్ల మీద ఈ నిర్లక్ష్యమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

రిఫండ్ అడిగితే, "ఒకసారి బిగించారు కాబట్టి రిటర్న్ కుదరదు" అన్నారు. బిగించకుండా లోపం ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి.

కొనేముందు ఒక్కో భాగం ఎన్ని గ్రాములో, మర సైజు ఎంతో, లోపలివైపు ఎలా ఉందో ఫొటోలతో సహా అడగండి. ప్రకటనలో ఉన్నవి కంప్యూటర్‌లో గీసిన చిత్రాలైతే అసలు ఫొటోలు అడగండి. జవాబు రాకపోతే, లేదా "మెటలే అండి" అని తేల్చేస్తే వదిలేయండి. మూతికి ఉండే నారింజ రంగు కొనను తీసి నల్ల మెటల్ పెట్టమనే కిట్లూ ఉన్నాయి. అలా చేస్తే దూరం నుంచి చూసేవాళ్లకు అది బొమ్మ అని తెలియదు, ముఖ్యంగా పిల్లల చేతిలో ఉంటే చాలా ప్రమాదం.

కిట్ ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే తూకం వేసి, కాటా మీద అంకె కనిపించేలా ఫొటో తీసి, రిటర్న్ గడువు లోపల సెల్లర్‌కు పంపండి.