మెట్లు లెక్కపెట్టుకుని బయలుదేరే యాత్రలు

గుంటూరులో మా విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో ఎవరైనా ఒక ఊరి పేరు చెప్పగానే ముందుగా వినిపించే ప్రశ్న అక్కడ మెట్లెన్ని అని. దూరం, ఖర్చు ఆ తర్వాతి సంగతి. మోకాళ్లు అరిగినవాళ్లు, స్టెంట్లు వేయించుకున్నవాళ్లు, గంటకోసారి బాత్రూం వెతుక్కోవలసినవాళ్లు కలిసి తిరిగే బృందం మాది. ఆ లెక్కన చూస్తే చుట్టుపక్కల పేరున్న చోట్ల వరుసే మారిపోతుంది.

ఆ వరుసలో ముందుండేది అమరావతి. ఉదయం ఫలహారం చేసి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరవచ్చు. పురావస్తు శాఖ మ్యూజియం చిన్నది, నడక తక్కువ. ఆవరణలోని స్తూపం నమూనా చూస్తే ఒకప్పటి మహాచైత్యం ఊహకు అందుతుంది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారొకరు 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకెంజీ ఈ స్తూపం దిబ్బను చూసింది మొదలు, శిల్పాలు చెక్కిన మంచి రాతి పలకలు చెన్నైకీ లండన్‌కీ తరలిపోయిన కథంతా చెప్పుకొచ్చారు. ఆపడానికి బడి గంట లేదు కదా, చివరికి డ్రైవరు హారన్ కొట్టాడు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, తేదీ ఖరారు చేసే ముందే చూసుకోవాలి. ధ్యానబుద్ధుడి విగ్రహం 125 అడుగులు కాబట్టి కింద కుర్చీలో కూర్చుని చూసినా లోటు లేదు.

ఉండవల్లి గుహలు ఎంత గొప్పవైనా మాలో సగం మందికే దక్కాయి. అనంతపద్మనాభస్వామి పై అంతస్తులో పవళించి ఉన్నాడు, రాతి మెట్లు ఎక్కగలిగినవాళ్లకే ఆ దర్శనం. మిగిలినవాళ్లు కింద నీడలో కూర్చుని పెన్షన్ బకాయిల మీద చర్చ పెట్టుకున్నారు. ఆ చర్చ ఇంట్లోనూ చేసుకోవచ్చు. మంగళగిరిలో పానకాలస్వామి కొండకు వాహనాలు వెళ్లే దారి ఉంది, అది పెద్ద ఊరట. స్వామి సగం పుచ్చుకుని సగం తిరిగిచ్చే పానకం కోసం మొదట గ్లాసు చాపేది షుగర్ ఉన్నవాళ్లే.

విజయవాడ భవానీ ద్వీపం మీద నాకు పెద్ద మోజు లేదు. కృష్ణ మీద పడవ ప్రయాణం బాగుంటుంది, కానీ ఊగే పడవలోకి కాలు పెట్టడమే కొందరికి గండం. పైగా వరద వస్తే పడవలు ఆపేస్తారు. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలికి నిలబడినా నది కనిపిస్తుంది, టికెట్టు లేకుండా.

నాకు అన్నిటికన్నా నచ్చింది కొండపల్లి. ఖిల్లా జోలికి పోకుండా నేరుగా బొమ్మలు చేసేవాళ్ల ఇళ్ల దగ్గరికి వెళ్లాం. ఒకాయన తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగు మొండేనికి తొండం అతికిస్తున్నాడు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కును అతుకు మీద రాసి, బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు. కాసేపటికి అతుకు ఎక్కడుందో తెలియలేదు. మా రిటైర్డు ఇంజినీరుగారు అది చూడటానికి పక్కనే నేల మీద చతికిలబడ్డారు. లేవడానికి ఇద్దరు చేయందించాల్సి వచ్చింది. మనవళ్ల పేరు చెప్పి అందరూ బొమ్మలు కొన్నారు. చాలా ఇళ్లలో అవి మనవళ్లకు అందని ఎత్తులో అద్దాల బీరువాల్లో ఉన్నాయి.

బస్సు సంగతి. అద్దెకు తీసుకునేటప్పుడు ఏసీ ఉందా, పుష్‌బ్యాక్ సీట్లేనా అని అడుగుతారు. మేము అడిగేది మొదటి మెట్టు ఎత్తు. తలుపు దగ్గర వేయడానికి ఒక చెక్క పీట వెంట తీసుకెళ్తాం, ఏ ప్రయాణంలోనూ దానంత పనికొచ్చిన వస్తువు లేదు. మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక మా ఆడవాళ్లు "మేము పల్లెవెలుగులో వస్తాం, మీరు పాతిక శాతం రాయితీతో టికెట్టు కొనుక్కోండి" అని ఆటపట్టిస్తున్నారు. అయినా అందరూ ఒకే బస్సులో వెళ్తేనే అంత్యాక్షరి సాగుతుంది.

తిండి విషయంలో పులిహోర, దద్దోజనం మించినవి లేవు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఒంటిగంటకల్లా అన్నం ముందుండాలి, హోటల్ దొరికాక చూద్దామంటే కుదరదు. కార్తీక వనభోజనాలకు మాత్రం వంటవాళ్లను పెట్టుకుంటాం. ఈ రోజుల్లో చాలాచోట్ల వనభోజనాలు కులాలవారీగా జరుగుతున్నాయి. మా పంక్తిలో ఆ పేచీ లేదు, గోంగూరలో కారం తగ్గించాలా వద్దా అన్నదొక్కటే తగాదా.

రాత్రి బస ఉంటేనే చిక్కు. బాపట్ల వైపు సముద్రతీరంలో ఒకచోట ఫోనులో కింది గదులే ఇస్తామని ఒప్పుకుని, తీరా వెళ్లాక పై అంతస్తు తాళాలు చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు వచ్చింది. తెల్లవారి సూర్యలంక సముద్రం చూసి కొంత మనసు కుదుటపడిన మాట నిజమే కానీ, అద్దె మాత్రం పూర్తిగా వసూలు చేశారు. ఇప్పుడు ఏ బసకైనా ఇద్దరు సభ్యులు ముందుగా వెళ్లి, గదులు చూసి, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందని రూఢి చేసుకున్నాకే అడ్వాన్సు ఇస్తున్నారు.