పిల్లల పెయింటింగ్ కిట్‌లో జిగట బొమ్మలు వస్తే ముట్టుకోనివ్వకండి

చిన్న చిన్న బొమ్మలకు రంగులేయడం పిల్లలకు నేర్పిద్దామని ఆన్‌లైన్‌లో చవక కిట్లు వెతుకుతున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఒక్క అయిదు నిమిషాలు ఇది చదవండి. అలాంటి కిట్ వల్లే మా బాబు చేతులకు దద్దుర్లొచ్చి అయిదు రోజులు బాధపడ్డాడు.

మావాడికి తొమ్మిదేళ్లు. వేసవి సెలవులకు బెంగళూరు వెళ్లినప్పుడు వాళ్ల మావయ్య బొటనవేలంత సైనికుల బొమ్మలకు సన్న బ్రష్షుతో రంగులేస్తుంటే పక్కనే గంటలకొద్దీ కూర్చున్నాడు. విజయవాడ వచ్చాక కూడా అదే ధ్యాస. మా తమ్ముడు వేసేవి వార్‌హామర్ అనే బల్లమీద ఆడే యుద్ధపు ఆట బొమ్మలు, పెట్టె కొనాలంటే వేలల్లో మాట. ఇప్పుడే మొదలుపెట్టే పిల్లాడికి అంత పెట్టలేం. వెతగ్గా వెతగ్గా ఒక కిట్ కనబడింది. 12 బొమ్మలు, ఆరు రంగులు, రెండు బ్రష్షులు కలిపి 1,299 రూపాయలు. 'అయిదేళ్లు దాటిన పిల్లలకు' అని స్పష్టంగా రాసుంది. కొనేశాను.

పెట్టె తెరవగానే ఘాటైన వాసన. బొమ్మ చేతిలోకి తీసుకుంటే పనస తొనలు ఒలిచినప్పటిలా వేళ్లు అతుక్కున్నాయి. కొత్తవి కదా, ప్యాకింగ్ వల్ల అలా ఉందేమో అనుకుని సబ్బునీళ్లతో కడిగి ఇచ్చాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. వాడు మధ్యాహ్నమంతా వాటితోనే ఉన్నాడు. రంగు బొమ్మకు పట్టకుండా చుక్కలు చుక్కలుగా జారిపోతోంది. సాయంత్రం "అమ్మా, గుర్రానికి చెమట పట్టింది చూడు" అని పిలిచాడు. పేపర్ మీద నిలబెట్టిన గుర్రం కడుపు కింద సన్న బెజ్జం ఉంది. అందులోంచి తేనెలా చిక్కటి ద్రవం కారి పేపర్ మీద రూపాయి బిళ్లంత మరక పడింది.

తెల్లారేసరికి వాడి వేళ్ల సందుల్లో ఎర్రగా దద్దుర్లు, ఒకటే దురద. చర్మ వైద్యుల దగ్గరికి బొమ్మ కూడా పట్టుకెళ్లాను. గట్టిపడని రెసిన్, అంటే బొమ్మలు చేసే జిగురులాంటి రసాయనం, తగలడం వల్ల ఇలా అయిందని చెప్పి పూత మందు రాశారు. ఒకసారి శరీరానికి ఇది పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం తగిలినా మళ్లీ రావచ్చట. నాకు అసలు భయం పట్టుకుంది అక్కడే.

తర్వాత మా తమ్ముడు వివరంగా చెప్పాడు. ఇలాంటి బొమ్మలను త్రీడీ ప్రింటర్‌లో ద్రవ రెసిన్‌తో పొరలు పొరలుగా చేస్తారు. బయటికి తీశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా కడిగి, అతినీలలోహిత కాంతి కింద పూర్తిగా గట్టిపరచాలి. తొందరలో అది సరిగ్గా చేయకపోతే పైన జిగట మిగిలిపోతుంది. బొమ్మ లోపల బోలుగా ఉంటే అక్కడ చిక్కుకున్న ద్రవం రోజుల తర్వాత కూడా కారుతుంది. శుభ్రంగా పూర్తిచేసిన రెసిన్ బొమ్మ చేతికి పొడిగా, గట్టిగా తగులుతుంది. అలాంటిదైనా అరగదీస్తే వచ్చే పొడి పీల్చకూడదు, అందుకే ఆకురాయి, గరుకు కాగితం పిల్లల చేతికి ఇవ్వొద్దన్నాడు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "ఎండలో పెట్టండి మేడమ్, అదే ఆరిపోతుంది" అన్నాడు. ఎండకు పైపొర గట్టిపడుతుందేమో గానీ వెలుతురు చేరని కడుపులో ద్రవం ఎలా ఆరుతుంది? గట్టిగా అడిగితే మాట మార్చాడు. అది బొమ్మ కాదట, పెద్దలు దాచుకునే కళాఖండమట! 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికే ఆ మాట. పెట్టె మొత్తం తిరగేసి చూశాను. ఐఎస్ఐ గుర్తు లేదు, తయారుచేసినవారి చిరునామా లేదు, ఏ పదార్థమో కూడా రాయలేదు. రంగులు కూడా నీళ్లతో పోయేవి కావు, థిన్నర్ కావాల్సిన ఎనామిల్.

'అయిదేళ్లు దాటిన పిల్లలకు' అన్న ప్రకటనను ఆర్డర్ రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం నాకు కలిసొచ్చింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. పదకొండో రోజున డబ్బు వెనక్కి వచ్చింది. మీకూ ఇలా జరిగితే వదలకండి, పెట్టె నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. కారిన ద్రవాన్ని మాత్రం సింకులో కడగొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకుని పేపర్‌తో తుడవండి.

కొనేముందు అమ్మేవాళ్లను సూటిగా అడగండి: రెసినా, ప్లాస్టిక్కా? రంగులు నీళ్లతో కలిపే యాక్రిలిక్కేనా? ఐఎస్ఐ గుర్తున్న ఫొటో పంపుతారా? జవాబు నసిగితే అక్కడితో ఆపేయండి.

అసలు మొదట్లో కొనాల్సిన అవసరమే లేదని ఇప్పుడనిపిస్తోంది. మా ఇంట్లో రెండు బంట్లు పోయిన పాత ప్లాస్టిక్ చదరంగం పడుంది. పావులను గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక తెల్ల యాక్రిలిక్ పల్చగా ఒక పూత వేశాం. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు సీసాలు, సున్నా నంబరు, రెండో నంబరు గుండ్రటి బ్రష్షులు ఒక్కొక్కటి. అన్నీ స్టేషనరీ షాపులో తెచ్చాం, మూడొందలు కూడా కాలేదు. రంగును పాలలా పల్చగా కలిపి, ఒక పూత ఆరాక రెండోది వేయాలని మావయ్య ఫోన్‌లో చెబితే వాడు అలాగే వేస్తున్నాడు. రాజు, మంత్రి, ఏనుగులు అయిపోయాయి. గుర్రాన్ని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం తనంతట తనే తీసి, కడుపు కింద వేలితో తడిమి చూసి, గోధుమ రంగు కలపడం మొదలుపెట్టాడు.