టర్బో ఇంజిన్‌కి హెడ్ పోర్టింగ్, 38 వేల కిలోమీటర్ల తర్వాత: నాలుగు రేకుల కథ

ముందే చెప్పేస్తున్నా, పోర్టింగ్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో గాలి పోయే దారుల్ని, అంటే పోర్టుల్ని, గీకి వెడల్పు చేయడం) కోసమని నేను హెడ్ విప్పించలేదు. బండి 2012 స్కోడా లారా 1.8 టీఎస్ఐ, టర్బో పెట్రోల్ కారు, మాన్యువల్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. శ్రీశైలం నుంచి వస్తుంటే ఘాట్‌లో కూలెంట్ లైట్ వెలిగింది, మన్ననూరు చెక్‌పోస్ట్ దాకా పోయి చూద్దాంలే అనుకున్నాను, అక్కడికి చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. హెడ్ గాస్కెట్ పోయింది. తప్పు పూర్తిగా నాదే. హెడ్ ఎలాగూ కిందికి దిగింది, ఫేసింగ్‌కి (అడుగు చదును చేయించడానికి) ఇవ్వక తప్పదు, ఆ చేత్తోనే పోర్టింగ్, పాలిషింగ్ కూడా కానిచ్చేద్దాం అనిపించింది. అలా అనిపించడంలోనే ఉంది అసలు చిక్కంతా.

కోయంబత్తూరులో రేసింగ్ ఇంజిన్లు చేసే ఒక చోటికి పార్సిల్ వేశాను. ఫోన్ ఎత్తినాయన ఇంట్లో తెలుగే మాట్లాడతాడట, ఆ కోయంబత్తూరు తెలుగు వింటూ బేరం చేయడం మర్చిపోయాను. సీట్ కటింగ్ (వాల్వ్ కూర్చునే చోటు కోసి సరిచేయడం), వాల్వ్ సీళ్లు, లాపింగ్ (వాల్వ్‌ని ఆ సీటుకి అతికేలా రుద్దడం) అన్నీ కలిపి 46 వేలు. నెలన్నరకి హెడ్ తిరిగొచ్చింది. ఇంటేక్ పోర్టులు అద్దంలా ఉన్నాయి, వంగి చూస్తే నా మొహం కనపడింది. ఫోటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను.

మొదటి రెండు నెలలూ నేను చెప్పని వాడు లేడు. ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అంతకుముందు నుంచి ఉన్న స్టేజ్ వన్నే (పవర్ పెంచే మొదటి మెట్టు ట్యూనింగ్), అది ముట్టుకోలేదు. అయినా 4500 ఆర్‌పీఎం దాటాక బండి లాగే తీరు మారిపోయింది, మునుపు అక్కడ ఆయాసపడేది, ఇప్పుడు ఔటర్ ఎక్కి మూడో గేర్లో తొక్కితే ఆగకుండా పోతోంది. వింత ఏమిటంటే పైన 5500 దగ్గర బూస్ట్ గేజ్ (టర్బో తోసే గాలి ఒత్తిడి చూపేది) మునుపటికంటే తక్కువ చూపిస్తోంది. ఎక్కడో పైపు లీకనుకుని టెన్షన్ పడి, పొగ పెట్టి చూపించాను, ఏమీ లేదు. ఇంజిన్ కంప్యూటర్ లాగ్ తీస్తే గాలి మాత్రం కాస్త ఎక్కువే పోతోంది. అప్పుడు అర్థమైంది: బూస్ట్ అంటే లోపలికి పోయిన గాలి కాదు, పోలేక గుమ్మం దగ్గర తోసుకుంటున్న గాలి. గుమ్మం వెడల్పు చేస్తే తోపులాట తగ్గుతుంది. కానీ తోసేవాడు అదే చిన్న టర్బో, వాడి ఊపిరి అంతే. ఈ రెండో మాట నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

ఇక అసలు గొడవ. డిసెంబర్‌లో మొదలైంది. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది, ఆ వెంటనే నిమిషం సేపు మొత్తం బండి వణుకుతుంది, చెక్ లైట్ మినుకు మినుకుమంటుంది. కోడ్ చూస్తే పి0300, అంటే ఏ సిలిండరో తేలని మిస్సింగ్ (పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం). వేడెక్కాక ఏమీ ఉండదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి బంగారంలా నడుస్తుంది. "సార్, బండి బానే ఉంది కదా" అంటాడు. ప్లగ్గులు మార్చాం, నాలుగు కాయిళ్లూ మార్చాం, ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కి ఇచ్చాం, పెట్రోల్ బంక్ కూడా మార్చాను. చివరికి ఒక రాత్రి బండి వాళ్ల షెడ్‌లోనే వదిలేసి, పొద్దున్నే ఆరింటికి మెకానిక్‌ని లేపి మరీ చూపించాను. వణుకు చూశాడు, ఇంటేక్ మానిఫోల్డ్ విప్పాడు, టార్చ్ వేసి చాలాసేపు చూశాడు. "సార్, ఇందులో రేకులేవి?" అన్నాడు.

ఈ ఇంజిన్‌లో ఒక్కో ఇంటేక్ పోర్టులో అడ్డంగా పల్చటి రేకు ఒకటి ఉంటుంది, పోర్టుని పైదీ కిందదీ అని రెండుగా చీలుస్తుంది. మానిఫోల్డ్‌లో ఉన్న ఫ్లాప్ మూసుకున్నప్పుడు గాలి ఒక సగంలోంచే దూసుకెళ్లి సిలిండర్లో గిరగిరా పొర్లాలి, చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ కలిసేది అలాగే. పూర్తి తొక్కుడులో ఆ రేకు అడ్డమే, రేస్ బండి కట్టేవాళ్లు తీసేస్తారు. నాది గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రోజూ రెండువేల ఆర్‌పీఎం దాటని బండి. కోయంబత్తూరు వాళ్లు తీసే ముందు ఒక్క ఫోన్ చేసి నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి అని గట్టిగా చెప్పలేనులెండి, ఆ అద్దం మెరుపు చూసిన మత్తులో ఉన్నాను. కానీ అడగాలి కదా! పోనీ కొత్త రేకులు పెడదామంటే అవి కూర్చునే గాడి కూడా గీకేశారు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్, పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే పడుతుంది, ఇంటేక్ వాల్వ్ వెనక భాగాన్ని ఎప్పుడూ తడపదు, అందుకే అక్కడ మసి పేరుకుంటుంది. లక్షా పదివేలు తిరిగిన నా వాల్వులు పాలు పొంగి మాడిన గిన్నె అడుగులా ఉన్నాయి. నా దోస్తుకి అచ్చం ఇదే బండి, ఇదే సాఫ్ట్‌వేర్. హెడ్ దించకుండా వాల్‌నట్ పెంకుల పొడి కొట్టించి శుభ్రం చేయించాడు, అంతే. ఇద్దరం ఒకే రోజు డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కించాం: నాది చక్రాల దగ్గర 176 హార్స్‌పవర్, వాడిది 171. ఆ ఐదు కూడా సీట్ కటింగ్ వల్లో పోర్టింగ్ వల్లో ఎవరు చెప్పగలరు? నేను రెండు నెలలు ఊరంతా చాటింది చాలావరకు మసి వదిలిన సుఖం.

అద్దం మెరుపు సంగతంటారా, ఇంటేక్‌లో దానివల్ల ఒరిగేదేమీ లేదు. పాతిక వేల కిలోమీటర్లకి చూస్తే మళ్లీ నల్లగానే ఉంది. ఎగ్జాస్ట్ వైపు మాత్రం మసి కాస్త తక్కువ పట్టినట్టుంది.

పెద్ద టర్బో పెడదామనుకుంటున్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకి హెడ్ పనితో అవసరం పడొచ్చు, నాకా అనుభవం లేదు. స్టాక్ టర్బోతో ఉన్నవాళ్లు ఇందుకోసమే హెడ్ విప్పించడం మాత్రం నేనైతే వద్దంటాను. ఎలాగూ విప్పాల్సి వస్తే వాల్వ్ సీట్లు కోయించండి, వాల్వులు శుభ్రం చేయించండి, మానిఫోల్డ్ హెడ్‌కి కలిసే గాస్కెట్ దగ్గర మెట్టు ఉంటే సరిచేయించండి. ఏమేమి తీస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. అయినా ఔటర్ మీద ఖాళీ దొరికిన ఆదివారాలు ఈ డబ్బు గుర్తురాదు, అబద్ధం ఎందుకు.

చలికాలంలో ఇప్పటికీ పొద్దున్నే నిమిషం ఆగి బయల్దేరతాను. పోయిన నెల స్టెప్నీ తీస్తుంటే దాని కింద, హెడ్ పార్సిల్‌తో వచ్చిన అట్టపెట్టె దొరికింది. పాత వాల్వ్ సీళ్లు, ఒక తమిళ పేపర్ పొట్లం. విప్పితే నాలుగు రేకులు, తుడిచి నూనె రాసి మరీ పంపారు.