సగం ధరకి బీగిల్ ఓడ కిట్ అంటే ఆగండి: “చెక్క అన్నాక వంగదా సార్?” అంటాడు

ఒళ్లు మండిపోతోంది, మొదట్నుంచీ చెప్పే ఓపిక లేదు. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకి ఇంట్లో కట్టుకునే చెక్క నమూనా కిట్, 1:64 (అసలు ఓడలో 64వ వంతు), “ఒరిజినల్ ఇంపోర్టెడ్, రెండే మిగిలాయి” అని ఆరు నెలలుగా ఆ రెండే అమ్ముతున్న మహానుభావుడు ఎవరో చెక్క ఓడలు కట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు. పేరు రాయను. 14,500 ముందే కట్టించుకున్నాడు, కొరియర్ 650 వేరే. పెట్టె వచ్చింది. తెరిచాను. అయిపోయింది.

ముందు కీల్ సంగతి. ఓడకి వెన్నెముక అదే. 4.5 ఎం.ఎం. ప్లైవుడ్ పలక, పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు. దాన్ని గాజు పలక మీద పడుకోబెడితే రెండు కొసలూ ఆనాయి, నడుం మాత్రం 5 ఎం.ఎం. పైకి లేచింది. ఎం.ఎం. లోపు వంపుంటే ఎవరూ గొడవ చెయ్యరు, ఆ మాత్రం సరిచేసుకోవచ్చు. ఐదంటే అది కీల్ కాదు, అరటిపండు. పక్కన స్టీల్ స్కేలు నిలబెట్టి, అంకెలు కనిపించేలా మూడు ఫొటోలు పంపాను. ఒకటిన్నర రోజు తర్వాత జవాబు: “చెక్క అన్నాక వంగదా సార్? రాత్రి నీళ్లలో వేసి పొద్దున రాయి పెట్టండి.” కింద ఒక నవ్వు బొమ్మ. నాకు కాలింది కీల్‌కి కాదు, ఆ నవ్వు బొమ్మకి.

ప్లైవుడ్‌ని నీళ్లలో వెయ్యమంటున్నాడంటే ఈయన జన్మలో ఒక్క ఓడ కట్టలేదని అర్థం. స్ట్రిప్ (ఓడ ఒంటికి అతికించే సన్న చెక్క పట్టీ) వేరు, ప్లై వేరు. ఒంటి చెక్క స్ట్రిప్‌ని నానబెట్టి వంచితే ఆరాక ఆ వంపు చాలావరకు నిలుస్తుంది. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి. ఒక వైపు పొర మందంగా ఉన్నా, రెండు వైపులా తేమ సమానంగా లేకపోయినా పలక మొత్తం ఒక పక్కకి లాగుతుంది. తడిపి రాయి పెడితే తడి ఉన్నంతసేపు బుద్ధిగా పడుకుంటుంది, ఆరాక మళ్లీ లేస్తుంది. పైగా నాసిరకం ప్లైలో జిగురు నీటికి తట్టుకోదు, పొరలు విడిపోతాయి. బల్క్‌హెడ్లు (ఓడకి పక్కటెముకల్లా నిలబడే అడ్డ పలకలు) దిగడానికి కీల్‌కి పైనుంచి కిందికి పది పన్నెండు గాళ్లు కోసి ఉంటాయి, ఒక్కోటీ సగం లోతు దాకా. రాయి బరువు పడితే పలక విరిగేది ఆ గాడి దగ్గరే.

వంగిన కీల్ మీదే కట్టేద్దాం, ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం. ముందు నుంచి చూస్తే తెరచాపలు కట్టే మూడు కొయ్యలూ ఒకే గీతలో నిలబడవు. ముందు పొడుచుకొచ్చే కొయ్య, వెనక చుక్కాని రెండూ ఒకే పక్కకి తిరిగిపోతాయి. ఒక వైపు ప్లాంకులు (ఒంటి మీద వరసగా అతికించే ఆ స్ట్రిప్పులే) మూడు నాలుగు ఎం.ఎం. ఎక్కువ కావాలి, రెండో వైపు అంతే మిగులుతాయి. ఇదంతా బయటపడేది రెండో పొర ప్లాంకింగ్ అయ్యాక, అంటే నెలల తర్వాత. అప్పుడు చేసేదేం లేదు. వంపు 1 ఎం.ఎం. అటూ ఇటూ ఉంటే మాత్రం నీళ్లూ వద్దు, రాయీ వద్దు. కీల్‌ని బిల్డింగ్ బోర్డు మీద రెండు వైపులా యాంగిల్ ముక్కల మధ్య బిగించి, బల్క్‌హెడ్లు అతికించాక వాటి మధ్య ఖాళీల్లో కచ్చితంగా నలుచదరంగా కోసిన చెక్క దిమ్మెలు పెట్టండి. వరసగా బిగుసుకుంటూ కీల్‌ని అవే నిటారుగా లాగుతాయి. ఒక దిమ్మె వంకరగా ఉన్నా వంపు పెరుగుతుంది గానీ తగ్గదు.

సరే, వాపసు తీసుకో అన్నాను. “ఓపెన్ చేసిన కిట్ రిటర్న్ లేదు, లిస్టింగ్‌లో రాశాం, చదవలేదా?” అట. పెట్టె విప్పకుండా కీల్ వంపు చూడ్డానికి ఇంట్లో ఎక్స్-రే మిషన్ ఉండాలి కాబోలు. ఆ లైను లిస్టింగ్‌లో ఉన్న మాట నిజమే, అడుగున ఉంది. చదవలేదు. మార్కెట్ ధరలో సగానికి ఇస్తున్నాడంటే అప్పుడే అడగాల్సింది, అడగలేదు. నా చెప్పు నాకే. నిన్న రాత్రి బ్లాక్ కూడా చేశాడు.

కోపం కాస్త దిగాక మిగతా పెట్టె కూడా కొలిచాను. ఒరిజినల్ అట! డ్రాయింగ్ షీట్లన్నీ జిరాక్సులు. కుడి పక్క కింది మూలలో కంపెనీ పేరు ఉండాల్సిన చోట తెల్లటి చతురస్రం. కాగితం ముక్క అడ్డం పెట్టి తీశారు, దాని అంచు నీడ కూడా పడింది. అసలు బీగిల్ గన్ డెక్ (ఫిరంగులుండే అంతస్తు) పొడవు 90 అడుగుల 4 అంగుళాలు, 1:64లో అది 430 ఎం.ఎం. రావాలి. షీటు మీద కొలిస్తే 417. పది అడుగుల స్కేల్ గీత 47.6 ఉండాల్సింది 46 చిల్లర. అంటే జిరాక్సులో మూడు శాతం కుదించుకుపోయింది. లేజర్‌తో కోసిన పార్టులు మాత్రం పూర్తి సైజులోనే ఉన్నాయి. ఇలాంటి షీటు చూసి కొయ్యలు, అడ్డ కొయ్యలు కొలిచి కోశారంటే అన్నీ పొట్టివే. 250 ఎం.ఎం. రావాల్సిన కొయ్య 242 దగ్గర తెగుతుంది. ఒక్కోటీ విడిగా చూస్తే తెలీదు, తాళ్లు కట్టేటప్పుడు ఏడిపిస్తుంది.

జిరాక్సుతో ఇంకో ప్రమాదం, దీన్ని చాలామంది పట్టించుకోరు. అసలు ప్లాన్లలో కీల్ వెనక భాగంలో సన్నటి గీత ఒకటి ఉంటుంది, అక్కణ్ణుంచి చివరిదాకా కీల్‌ని చెక్కి పల్చన చెయ్యాలని గుర్తు. బేర్డింగ్ లైన్ అంటారు. లెక్క చూడండి. మొదటి పొర స్ట్రిప్ 1.5 ఎం.ఎం., రెండు వైపులా కలిపి 3. రెండో పొర 0.5, రెండు వైపులా 1. మొత్తం 4. వెనక నిలువు కొయ్య వెడల్పు 5 ఎం.ఎం. కాబట్టి అక్కడ కీల్ 1 ఎం.ఎం. మందానికి దిగాలి. చెక్కకుండా ప్లాంకులు వేసేస్తే ఓడ వెనక భాగం 8 ఎం.ఎం. పైన లావెక్కి, చుక్కాని దాని ముందు అగ్గిపుల్లలా కనిపిస్తుంది. పలుచటి గీత కదా, ఈ జిరాక్సులో అదే ఎగిరిపోయింది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి అక్కడ గీత ఉండాలన్న సంగతే తెలీదు.

గాళ్ల సంగతి సరేసరి. 5 ఎం.ఎం. ప్లై కోసం గీసిన ఫైలుతో 4.5 ప్లై కోశారు. అర ఎం.ఎం.ఏ కదా అంటారు. కీల్ మందం నాలుగున్నరే కాబట్టి ఆ అర ఎం.ఎం. వదులుకి బల్క్‌హెడ్ ఆరు డిగ్రీలు తిరుగుతుంది. మధ్యగీత నుంచి 55 ఎం.ఎం. దూరంలో ఉన్న అంచు దగ్గర అది ఐదారు ఎం.ఎం. ముందుకీ వెనక్కీ ఊగడం. 0.5 ముక్కలు గాళ్లలో పెట్టి సరిచేసుకోవచ్చు, బల్క్‌హెడ్ బల్క్‌హెడ్‌కీ మూలమట్టం పెట్టుకుంటూ. ఓపికుంటే. ప్లై లోపల పుట్టీ ఉన్నచోట లేజర్ అటువైపు దిగనే లేదు. అలాంటివి వేలితో తోస్తే పొర చీరుకుపోతుంది, కొత్త బ్లేడుతో వెనక నుంచి కోసి తీయండి. నల్లగా కాలిన అంచుని గీకకుండా ఫెవికాల్ రాస్తే పట్టు సరిగా ఉండదు.

స్ట్రిప్పుల దగ్గర నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఓడ 43 సెంటీమీటర్లు, వంపుతో కలిపి 46 పైన కావాలి. స్ట్రిప్పులు 40! అంటే ప్రతి వరసా అతుకే. అతుకు వేస్తే తప్పు లేదు, అసలు ఓడల్లోనూ అతుకులే. కానీ ప్రతి అతుకూ ఒక బల్క్‌హెడ్ మీద పడాలి, పక్క పక్క వరసల్లో ఒకే చోట పడకూడదు. దానికి చెక్క ఎక్కువ కావాలి. ఇచ్చింది తక్కువ. నడిమి బల్క్‌హెడ్ అంచు పొడుగునా కాగితం పట్టీ చుట్టి కొలిస్తే 100 ఎం.ఎం. దాకా వచ్చింది. స్ట్రిప్ వెడల్పు 5. వైపుకి 20, రెండు వైపులా 40, పూర్తి పొడవువే అయినా విరిగేవి పోయేవి కలిపి 45 ఉండాలి. లెక్కపెడితే 31. మందం ఒక్కోటి 1.2, ఒక్కోటి 1.7. తేడా సాన్‌పేపర్‌తో పోతుందిలే అనుకుంటే 1.2 ఉన్నచోట గీకడానికి చెక్క మిగలదు.

రెండో పొర “వాల్‌నట్” అన్నాడు. తడి దూదితో తుడిస్తే దూది కాఫీ రంగుకొచ్చింది. అడ్డంగా కోసి చూస్తే లోపల తెలుపు. రంగు పూసిన ఏదో చెక్క. ఇది వాసనతోనో చూపుతోనో పట్టుకోలేం, కోసి చూడాల్సిందే. 0.5 ఎం.ఎం. స్ట్రిప్‌ని అతికించాక ఎలాగూ సాన్‌పేపర్ పెడతాం, పెట్టిన మరుక్షణం ఓడ మీద తెల్ల మచ్చలు తేలతాయి.

ఇంకా ఉంది. పెట్టె మీద బొమ్మలో మూడు కొయ్యలు. బీగిల్ 1820లో వూలిచ్‌లో నీళ్లలోకి దిగినప్పుడు రెండు కొయ్యల బ్రిగ్, పది ఫిరంగులు. సర్వే పనికి సిద్ధం చేసినప్పుడు 1825లో వెనక మూడో కొయ్య చేర్చారు, ఫిరంగులు ఆరుకి తగ్గించారు. 1831లో డార్విన్ ఎక్కింది ఆ మూడు కొయ్యల ఓడనే. మన పెట్టెలో ఏడు షీట్లు ఉండాల్సింది ఐదే ఉన్నాయి, లేనివి ఆ మూడో కొయ్యవే. దాని గుండ్రటి కర్ర కూడా లేదు. ఫిరంగులు మాత్రం దండిగా పది. పాపం, డార్విన్ పుట్టెడు ఆశలతో వస్తే ఆయన్ని పాత బ్రిగ్ ఎక్కించి యుద్ధానికి పంపుతున్నాడు మనవాడు.

రాగి రేకులు చెప్పకపోతే అన్యాయం. అడుగున రాగి తొడిగిన ఓడ ఇది. ఆ కాలం రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:64లో 19 ఎం.ఎం.కి 5.5. నీటి గీత కింద వైశాల్యం, ఒకదానిమీద ఒకటి ఎక్కే అంచులు లెక్కేసుకుంటే రెండు వైపులా 500 పైనే కావాలి. వచ్చింది ఒక చుట్ట రాగి టేపు, వెడల్పు 8 ఎం.ఎం. రేకులు మీరే కోసుకోవాలట, అదీ 300కి మించి తెగదు. టేపు వాడేవాళ్లు లేకపోలేదు, బాగానే అతుకుతుంది. వెడల్పు సరైనదై ఉండాలి, అంతే. అతికించే ముందు చెక్కకి పల్చగా రెండు పూతలు సీలర్ వేసి నున్నగా చెయ్యండి, కింద నలుసు ఉన్నా రాగి మీద మొటిమలా తేలుతుంది. కీల్ నుంచి పైకి, వెనక నుంచి ముందుకి వెయ్యాలి.

తాడు ఒక్కటే రకం, నూగు నూగుగా. అప్పట్లో తాడుని చుట్టుకొలతలో చెప్పేవాళ్లు. ఆరంగుళాల తాడంటే అడ్డకొలత రెండంగుళాల లోపు, మన స్కేల్లో 0.75 ఎం.ఎం. కొయ్యల్ని పక్కల నుంచి పట్టి ఉంచే లావు తాళ్లకి అది, వాటి మీద ఎక్కే మెట్ల తాళ్లకి 0.2. కనీసం నాలుగైదు మందాలు లేకపోతే ఓడ కొయ్యలకి బట్టలారేసినట్టుంటుంది. కప్పీల్లో సగానికి రంధ్రం అటువైపు రాలేదు. 0.7 డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పుకుంటూ తీయొచ్చు, మోటారు పెడితే పగులుతాయి.

కొన్నవాళ్లకి, అదీ వాపసు గడువు దాటిపోయినవాళ్లకి: విశాఖ, కాకినాడ వైపు ఉంటే వానాకాలంలో ప్లాంకింగ్ మొదలెట్టకండి. తేమ పట్టి ఉబ్బిన స్ట్రిప్ అతికిస్తే ఎండాకాలంలో ముడుచుకుని వరసల మధ్య సందులు పడతాయి. కీల్, బల్క్‌హెడ్లు రెండు వారాలు గదిలో గాజు పలకల మధ్య ఉంచి మళ్లీ కొలవండి. నా కీల్ 5 నుంచి 4కి దిగింది. చాలదు. దాని ఆకారం గీసుకుని 5 ఎం.ఎం. బర్చ్ ప్లైలో కొత్తది కోయిస్తున్నా, గాళ్లు బల్క్‌హెడ్ మందానికి సరిపెట్టి.

కొనబోయేవాళ్లకి రెండు మాటలు. డబ్బు కట్టకముందు కీల్‌ని గాజు మీద పెట్టి, పక్కన స్కేలుతో ఫొటో అడగండి, డ్రాయింగ్ షీట్ల కుడి మూల ఫొటో కూడా. పంపనంటే వదిలెయ్యండి. డబ్బు వస్తువు చేతికి వచ్చాకే. పెట్టె సీలు కొయ్యడం దగ్గర్నుంచి వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. నేను తియ్యలేదు.