పోటు చూసుకుని బయల్దేరండి: కోరంగి నుంచి అంతర్వేది దాకా మా ఆరు రోజులు

కోనసీమ వెళ్తున్నాం అనగానే ఆఫీసులో అందరూ హౌస్‌బోట్ గురించే చెప్పారు. మేమూ దాని మీదే ఎక్కువ డబ్బు పెట్టాం. తిరిగొచ్చి నెల దాటింది. ఇప్పటికీ నాకూ నా ఫ్రెండ్‌కీ కళ్ల ముందు మెదిలేది మాత్రం కోరంగి మడ అడవే. అందుకే కోరంగి గురించి ఎక్కువ రాస్తున్నాను, మిగతావాటి గురించి కాస్త తక్కువ.

మాది నిజామాబాద్ జిల్లా. మహారాష్ట్ర దాటి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మా కందకుర్తి దగ్గరే. నేను చిన్నప్పటి నుంచి చూసిన గోదావరికి రాళ్లు, ఇసుక మేటలు, ఎండాకాలంలో నడిచి దాటేంత నీళ్లు. అదే నది చివరికి ఏమవుతుందో, సముద్రంలో ఎలా కలుస్తుందో చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. నా ఫ్రెండ్‌కి పక్షులంటే ప్రాణం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో ఇద్దరం సెలవు పెట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరాం.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. పెద్దవాళ్లు ఏడు పాయలు లెక్కపెడతారు. పుష్య అమావాస్యకి చొల్లంగిలో స్నానం చేసి, ఒక్కో పాయ సముద్రంలో కలిసే చోట మునుగుతూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. మేం మొక్కుకుని వెళ్లలేదు గానీ, మ్యాపు ముందేసుకుని చూస్తే అంతకంటే మంచి దారి కనిపించలేదు.

కోరంగికి కాకినాడలోనే ఉండి వెళ్లడం మంచిది. యానాం రోడ్డులో బస్సులు, ఆటోలు దండిగా ఉంటాయి. బస్టాండ్ దగ్గర మామూలు లాడ్జిలో దిగాం. శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు, తెల్లారి అయిదింటికి లేచి టీ ఇచ్చే మనిషి ఉన్నారు. ఇంకేం కావాలి? మొదటి రోజు ఆదివారం పడటం మాత్రం మా పొరపాటు. చెక్క వంతెన మీద జనం, సెల్ఫీలు, చిప్స్ ప్యాకెట్లు, పైగా స్పీకర్‌లో పాటలు. ఆ గోలలో ఒక్క పిట్ట వాలదు. వారం మధ్యలో, గేటు తీయగానే వెళ్లండి.

అయినా అంత గోలలోనూ ఒక సంగతి దొరికింది. అక్కడి గార్డు ఒక మడ ఆకు తుంచి మా చేతిలో పెట్టి, నాలుకకి తాకించి చూడమన్నారు. ఎండకి పట్టి చూస్తే ఆకు మీద సన్నని పలుకులు మెరుస్తున్నాయి. ఉప్పు! వేర్లు పీల్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల గుండా బయటికి పంపేస్తుందట. చెట్టు చుట్టూ బురదలోంచి వందల కొద్దీ వేలెడంత వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరికోసం పైకొచ్చే వేర్లు అవి. పక్కనే తిల్ల చెట్టు ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి కొమ్మలు విరవొద్దని గట్టిగా చెప్పారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రెండో రోజు పడవ. అనుమతి కాగితం ముందు రోజే రాయించుకున్నాం. పడవ నడిపే బాబాయ్ బయల్దేరేటప్పుడే చెప్పాడు: "ఆయ్, అమావాస్య దగ్గర పడిందండి. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎంత పైకొస్తదో, పాటుకి నీళ్లు అంత కిందకీ లాగేస్తయ్యండి. ఒంటిగంటకల్లా వెనక్కి తిరిగిపోవాలండి." మేం సరే అన్నాం. అన్నాం గానీ, ఒక వంపులో లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా నీళ్లలోకి పడటం చూసి ఇంకో పదినిమిషాలు, ఇంకో పదినిమిషాలు అని బతిమాలాం. తప్పు ముమ్మాటికీ మాదే. ఒకటిన్నరకి చిన్న పాయలోంచి బయటపడబోతుంటే పడవ అడుగు బురదని రాసుకుంది. బాబాయ్ గెడ వేసి నెట్టాడు. కదల్లేదు. చూస్తుండగానే రెండు వైపులా నీళ్లు జారిపోయి, మేం నల్లటి బురద మధ్య మిగిలాం.

మొదటి అరగంట నిజంగా భయపడ్డాం. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బాబాయ్ మాత్రం పడవ అంచున కూర్చుని సద్దిమూట విప్పాడు. "నీళ్లు ఎక్కడికి పోతయ్యండి, మళ్లా వస్తయ్యి కదా" అన్నాడు. మా బిస్కెట్లు ఆయనకిచ్చాం, ఆయన అన్నం, రొయ్యల వేపుడు మాకు పెట్టాడు. 1996 తుఫాను గురించి చెప్పుకొచ్చాడు. కోనసీమలో కొబ్బరి తోటలు కూకటివేళ్లతో పడిపోయిన ఆ నవంబరు రాత్రి, మడ అడ్డం ఉన్న చోట అల జోరు తగ్గిందని వాళ్ల నాన్న అనేవాడట. "మడ కొట్టేసుకుంటే మన గోడ మనం పడగొట్టుకున్నట్టేనండి" అన్నాడు.

ఇక మేం కదలడం మానేశాక, బురద కదలడం మొదలైంది. ముందు పీతలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ ఒకే ఒక పెద్ద డెక్క పైకెత్తి ఊపుతూ, పక్కవాడిని రమ్మంటోందో పొమ్మంటోందో తెలియదు. తర్వాత చేపలు, బురద మీద నడిచేవి! మడ్‌స్కిప్పర్ అంటారు. నెత్తి మీద రెండు గుడ్లు, ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి పాకడం, తోక కొట్టి గెంతడం. మా పడవకి మూరెడు దూరంలో రెండు చేపలు ఎదురెదురుగా వచ్చి, వీపు మీది రెక్కని గొడుగులా తెరిచి, నోళ్లు చాపి ఒకదాన్ని ఒకటి బెదిరించుకున్నాయి. ఒకటి వెనక్కి తగ్గి బొరియలో దూరింది. నా ఫ్రెండ్ కెమెరా పట్టుకోవడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది.

నాలుగు కావస్తుండగా పాయలో సన్నగా నీళ్లు పాకడం మొదలైంది. ఆ నీళ్లతోపాటు ఈల లాంటి అరుపులు. "ఏయ్, కదలకు" అని తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీటికుక్కలు! మొత్తం అయిదు. మునిగి లేస్తూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ మా వైపే వచ్చాయి. పెద్దది ఒకటి వేర్ల మీదికెక్కి, ముందు కాళ్లతో చేపని మొక్కజొన్న పొత్తులా పట్టుకుని తల నుంచి నమలడం మొదలుపెట్టింది. ముళ్లు పటపటలాడటం మాకు వినిపించింది. మమ్మల్ని చూసింది. చూసి, తినడం ఆపలేదు. వలలు చింపుతాయని జాలర్లకి వీటి మీద కోపం ఉన్నా, ఎవరూ చంపరని బాబాయ్ అన్నాడు. బావురు పిల్లి మాత్రం కనపడలేదు. చేపలు పట్టి తినే ఈ అడవి పిల్లికి కోరంగి పెద్ద ఆశ్రయం. బురదలో దాని అడుగులు చూపించాడు. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి కొన్ని అడుగుల్లో గోటి గాటు కూడా కనిపిస్తుందట.

ఇద్దరు ఆడవాళ్లం, చీకటి పడే వేళ, ముక్కూ మొహం తెలియని పడవ మనిషి. ఒక్క క్షణం కూడా ఇబ్బంది అనిపించలేదు. ఒడ్డుకి చేరాక అదనంగా ఇవ్వబోతే మాట్లాడుకున్నంతే తీసుకున్నాడు.

మూడో రోజు హోప్ ఐలాండ్. కాకినాడ నుంచి మోటారు పడవలో గంట పైనే పట్టింది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో పేరుకున్న సన్నని దిబ్బ ఇది. సముద్రపు అలలు నేరుగా కాకినాడ మీదికి రాకుండా అడ్డం పడుకుని ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కదా అని ఆశగా వెళ్లాం. అవి వచ్చేది రాత్రిపూట, మాకు అనుమతి దొరికింది పగటికి. అయినా ఇసుకలో ట్రాక్టర్ టైరు పోయినట్టు ఒక జాడ కనిపించింది, నీళ్ల నుంచి పైకి ఒకటి, మళ్లీ నీళ్లలోకి ఒకటి. గుడ్లని అటవీశాఖ వాళ్లు తీసి కంచె లోపల పూడ్చి కాపాడుతున్నారు. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడిని బట్టి అది ఆడో మగో తేలుతుందట.

అదే ఒడ్డున కాస్త ముందుకి నడిస్తే మూడు చచ్చిన తాబేళ్లు ఉన్నాయి. ఒకదాని కన్ను ఇంకా తెరిచే ఉంది. ఊపిరి తీసుకోవడానికి పైకి రావాల్సిన జీవి, ట్రాలర్ వలలో చిక్కితే లోపలే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. తాబేలు తప్పించుకుపోయే టెడ్ అమరిక వలకి ఉంటే బతికేది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలు రాలేదు. ఇక్కడికి వెళ్లేవాళ్లు నీళ్లు, తిండి, టోపీ తీసుకెళ్లాలి. మేం దిగిన వైపు నీడ లేదు, టాయిలెట్ లేదు. ఆడవాళ్లు దాన్ని బట్టి ప్లాన్ చేసుకోవాలి.

యానాం మీద ఒక పూట చాలు. గోదావరి జిల్లాల మధ్యలో ఉన్నా పుదుచ్చేరి పాలన, 1954 దాకా ఫ్రెంచి వాళ్లది. ఏటి గట్టు మీద సాయంత్రం షికారు బాగుంటుంది. ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటితే కోనసీమ.

కోనసీమలో ఫొటోలు చూసి ఒక రిసార్టు బుక్ చేసుకున్నాం. 'రివర్ వ్యూ' అన్న గదికి కిటికీ తీస్తే ప్రహరీ గోడ. అడిగితే "మేడ మీద నుంచి కనపడుతుందండి" అన్నారు. దోమలు, పనిచేయని ఏసీ, రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే ఖాళీ చేసి, ఆటో అతను చెప్పిన మాట మీద అంబాజీపేట వైపు ఒక ఊళ్లో పెంకుటింటికి మారాం. పెరటి గది, టిఫిన్‌తో కలిపి ఇద్దరికీ 1,800 రూపాయలు. యాత్ర మొత్తంలో హాయిగా గడిచింది అక్కడే. ఆ ఇంటి అత్తయ్యగారు పనసాకుల బుట్టలో పొట్టిక్కలు వండిపెట్టారు. ఇడ్లీ పిండే, కానీ ఆకు వాసన పట్టి ఇంకోలా ఉంటుంది. "చిన్నపిల్లల్లా రెండేనా? ఇంకోటి వెయ్యనివ్వండమ్మా" అని వడ్డిస్తూనే ఉన్నారు.

వాళ్ల సైకిళ్లు తీసుకుని కాలవ గట్టు పట్టుకుని ఇరవై కిలోమీటర్లు తిరిగాం. నేల చదరం కాబట్టి ఎవరైనా తొక్కగలరు. దాళ్వా, అంటే రెండో పంట వరి నాట్లు పడుతున్నాయి. ట్రాక్టరు దమ్ము చేసిన మడిలో తెల్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు బారులు తీరి ఉన్నాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తని లోపలి నుంచి లాగడానికి ఆ ముక్కే పనిముట్టు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక పారిన కాలవలే ఈ పచ్చదనానికి మూలమని చిన్నప్పుడు పాఠంలో చదివాను. గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే గానీ దాని అర్థం ఒంటికి పట్టలేదు.

తిండి సంగతి ఒకటి చెప్పాలి. ఒక హోటల్లో మాకు 'పులస' అని చెప్పి భారీ ధర వేశారు. పులస వరద నీళ్లకి ఎదురీదుతూ వచ్చే చేప, జూలై నుంచి సెప్టెంబరు మధ్యే దొరుకుతుంది. జనవరిలో పులస అంటే నమ్మొద్దు. పండుగప్ప వేపుడు, రొయ్యల ఇగురు, పీతల పులుసు అడగండి, కడుపు నిండుతుంది, మోసం ఉండదు.

ఇక దిండి హౌస్‌బోట్. సాయంత్రం వశిష్ఠ మీద రెండు గంటలు అద్భుతం. లంకల మీద కొబ్బరి నీడలు పొడుగవుతుంటే, గరుడ పక్షి నీటిని గీరుకుంటూ పోతుంటే, మాట్లాడాలనిపించదు. కానీ చీకటి పడగానే పడవని ఒడ్డుకి కట్టేస్తారు. ఆ తర్వాత అది జనరేటర్ హోరు మధ్య ఒక హోటల్ గది, అంతే. ఇద్దరికీ ఒక రాత్రికి 8,000 పెట్టాం. మళ్లీ వెళ్తే పగటి షికారు చేసి, ఏ ఊళ్లోనో ఇంట్లో పడుకుంటాం. లైఫ్ జాకెట్లు పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. అడిగితే "ఎందుకండీ, లోతు లేదు" అన్నారు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో తెలిసిన నదిలో ఈ మాట ఎవరూ అనకూడదు. పట్టుబట్టి తీయించి వేసుకున్నాం. మీరూ జాకెట్ వేసుకున్నాకే పడవ కదలనివ్వండి.

ఆఖరి రోజు అంతర్వేది. నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. ఇటు ఏటి నీళ్లు ఆకుపచ్చగా, అటు సముద్రం బూడిద రంగులో, మధ్యలో నురగ గీత. ఇసుకలో ఎర్ర పీతలు మా అడుగు చప్పుడుకి ఒక్కసారిగా మాయమై, మేం కూర్చోగానే మళ్లీ తలలు పెట్టాయి. కందకుర్తి నుంచి వచ్చిన నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి అనుకుంటే నాకు కళ్లు తడిశాయి. నా ఫ్రెండ్ ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతల నర్సాపురం, అక్కడి నుంచి హైదరాబాద్‌కి రైలు. మేం వెళ్లేసరికి ఏరు పాటు మీద ఉంది. మధ్యలో ఇసుక మేట తేలింది, పంటు చుట్టు తిరిగి వెళ్లాలి, ఆలస్యమవుతుందన్నారు. పక్కన బైకుల వాళ్లు గొడవపడుతున్నారు. మాకు టెన్షన్ లేదు. పాటు వేళ పొద్దున్నే కనుక్కుని, రైలుకి మూడు గంటల ముందే రేవుకొచ్చి ఉన్నాం.