ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్: స్టెమ్ సెల్స్ ఇచ్చిన అక్కగా నా రివ్యూ

మా తమ్ముడికి స్టెమ్ సెల్స్ (రక్తకణాలను తయారుచేసే మూలకణాలు) ఇవ్వడం కోసం నేను ఈ ఇంజెక్షన్ వేయించుకున్నాను. రేపు మీ ఇంట్లో ఎవరైనా దాతగా వెళ్లాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మందు పని చేసే తీరు నాకు చాలా నచ్చింది. ఎముక మూలుగలో మూలకణాల చుట్టూ ఉండే కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే ప్రొటీన్ వదులుతుంటాయి. మూలకణం దాన్ని అందుకున్నంత కాలం అక్కడే ఉండిపోతుంది. మూలకణాలకు ఇలాంటి నెలవు ఒకటి ఉంటుందని రే స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్త 1978లోనే ప్రతిపాదించారు. ఇన్‌ఫెక్షన్ వస్తే మన ఒళ్లే జీ-సీఎస్ఎఫ్ అనే మరో సంకేతం పంపుతుంది, న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) ఇంకా కావాలని. ఫిల్‌గ్రాస్టిమ్ అంటే బ్యాక్టీరియాతో తయారుచేయించిన జీ-సీఎస్ఎఫే. దాతలకు మామూలుగా కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల లెక్కన రోజూ, నాలుగైదు రోజులు ఇస్తారు. దాంతో మూలుగలో సీఎక్స్‌సీఎల్12 తగ్గుతుంది, మూలకణాలు పట్టు వదిలి రక్తంలోకి వస్తాయి. ఇక తుంటి ఎముకలో సూది దించే పని లేకుండా చేతి నరం నుంచే తీసుకోవచ్చు.

నొప్పి మాత్రం ఉంటుంది. నడుము, తుంటి, రొమ్ము ఎముక లోపలి నుంచి సలిపాయి. పెద్దవాళ్లలో రక్తం ఎక్కువగా తయారయ్యేది ఆ ఎముకల్లోనే అని చదివాక నా టెన్షన్ పోయింది. పారాసిటమాల్ వేసుకుంటే నిద్ర పట్టింది. నా కోపమల్లా కౌన్సెలింగ్ మీద. "చిన్న ఇంజెక్షనే అమ్మా, ఏం కాదు" అని పంపేశారు. భయంతో వచ్చిన మనిషికి ఏ ఎముక నొస్తుందో, ఎందుకు నొస్తుందో మొదటి డోసుకు ముందే చెప్పాలి. మందుల షాపువాళ్లు ఐస్ ప్యాక్ లేకుండా ఉత్త కవర్లో పెట్టి ఇచ్చారు. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అడిగి మరీ ఐస్ తీసుకోండి.

సేకరణ రోజు, రక్తంలోంచి మూలకణాలను వేరుచేసే మెషిన్ పక్కన గంటల తరబడి పడుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గి పెదాలు తిమ్మిరెక్కుతాయి. వెంటనే నర్సుకు చెప్తే కాల్షియం ఇస్తారు.

తమ్ముడికి మళ్లీ అవసరమైతే మళ్లీ వేయించుకుంటాను. ఒక్క జాగ్రత్త: ఎడమవైపు పక్కటెముకల కింద గానీ, ఎడమ భుజంలో గానీ నొప్పి వస్తే ఓర్చుకోకండి. అరుదుగానే అయినా అది ప్లీహానికి సంబంధించింది కావచ్చు. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.